ఎడమవైపు తాతయ్య

మోదెనా,
మే నెల, ఆదివారం

గౌరవనీయులైన ఒట్టావియో గారికి,

నిన్న మా నానమ్మను మీ స్పోర్ట్స్ కారు తాకనిచ్చినందుకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా నాకు తృప్తిగా లేదు. అరవై ఏళ్లనాటి ఆ రంగు మీద మీరు ఎవరినీ చేయి వేయనివ్వరని విన్నాను. చూపు లేని నానమ్మతో మాత్రం, "ఉంగరం తీసి కానివ్వండమ్మా" అన్నారు.

ఇలాంటి కార్లకు రేకులను సుత్తితో మలిచిన తాతయ్య పోయాక ఆయన చేతిపని మా ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. ఎడమ చక్రం మీది రేకును తడుముతూ నానమ్మ ఆగిపోయింది. "ఇది మా ఆయన సుత్తి దెబ్బే, బాబూ! కుడివైపు ఆయనతో పనిచేసిన గ్వాల్తీరోది. వాడికెప్పుడూ భోజనానికి తొందర" అంది. మీరు నవ్వుతూ కొలిచి చూస్తే, కుడివైపు నిజంగానే వేలి మందం పల్లంగా ఉంది.

రెండువైపులా సమం చేయిద్దామని ఎందరు చెప్పినా, అసలు రూపం పోతే ఇలాంటిది మరొకటి దొరకదని మీరు ఒప్పుకోలేదట. ఒప్పుకుని ఉంటే నానమ్మకు తాతయ్య దొరికేవాడు కాదు. 'అసలు' అనే మాట ఇంత పెద్దదని నాకు నిన్ననే తెలిసింది.

దారిలో నానమ్మ మీకొక మాట రాయమంది: "ఆ గ్వాల్తీరో వంకరను కూడా సరిచేయించొద్దని చెప్పవే. అది పక్కనుంటేనే మీ తాత పనితనం తెలుస్తుంది."

మీ మేలు మరువని,
ఆర్నాల్దో మనవరాలు