ముద్ర పడని ఇంటి కాగితం

మలయా, కొబ్బరి ఎస్టేటు నుంచి

పాతపట్నంలో ఉన్న మా అప్ప పాదాలకు తమ్ముడు తవిటినాయుడు దండం పెట్టి రాస్తున్నాడు. నేనూ, నీ మరదలూ, పిల్లలూ బాగానే ఉన్నాం. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? వేళకు తింటున్నావా? నేను ఎన్నిసార్లు అడిగినా తిన్నాననే రాయిస్తావు, నాకు తెలుసు.

ఇక్కడ వానలు వదలడం లేదు. కొబ్బరి ఎండక పొయ్యిల మీద ఆరబెడుతున్నాం, ఆ పొగకు కళ్లు మండిపోతున్నాయి. కూరలో కొబ్బరి, పచ్చడిలో కొబ్బరి. గోంగూర ముఖం చూసి ఎన్నాళ్లయిందో! మన వైపు వాళ్లెవరైనా ఓడ ఎక్కుతుంటే గుప్పెడు విత్తనాలు ఇచ్చి పంపు. ఒంట్లో మాత్రం బాగానే ఉంది, బెంగ పెట్టుకోకు.

ఇంక అసలు సంగతి. రాయబోతుంటేనే ఒళ్లు మండుతోంది. నాన్న ఇంట్లో నా వాటా నీకే ఇచ్చేస్తున్నట్టు కాగితం పంపమన్నావు. అది లేకపోతే, తమ్ముడు దేశం దాటిపోయాడు, ముండమోసిన దానికి ఇల్లెందుకని పెదనాన్న కొడుకు సూరయ్య నిన్ను వీధిలోకి నెట్టేస్తానంటున్నాడని రాయించావు. వాడి నోరు పడిపోను! నీ ఉత్తరం అందగానే కాగితం రాయించి, మేనేజరును బతిమాలి సెలవు పెట్టి, పట్నంలో ఉన్న మన దేశపు కాన్సులేటుకు వెళ్లాను. అక్కడి ఆఫీసరు ఎదుట సంతకం పెట్టి, ఆయన ముద్ర వేస్తేనే ఆ కాగితం మీ దగ్గర చెల్లుతుందట. నువ్వు పంపిన పొందూరు పంచె కట్టుకుని మరీ వెళ్లాను.

పొద్దున్న వెళ్తే మధ్యాహ్నం దాకా నిలబెట్టారు. ఎవరో కారులో వస్తే మాత్రం నౌకర్లు గొడుగు పట్టుకుని ఎదురెళ్లారు. మేమేమో వానలో గోడవార! చివరకు లోపలికి పిలిచారు. ఆఫీసరు తెలుగువాడే. నా ప్రాణం లేచివచ్చింది. కాగితం చదివాడు, సంతకం పెట్టించాడు, ముద్ర చేతిలోకి కూడా తీసుకున్నాడు. అంతలో "తవిటినాయుడా? ఇదేం పేరయ్యా?" అని నవ్వాడు. నా నోరు ఊరుకుంటే కదా!

"మా అప్ప తరవాత పుట్టినోళ్లెవులూ బతకనేదు బాబూ. అందుకని నేను పుట్టగానే మాయమ్మ నన్ను తవుడుకి అమ్మేసినాది. అప్పటికే మా అప్పకి పెళ్లయిపోనాది, పరాయింటి మనిసి కదా, ఆవిడే సేటెడు తవుడిచ్చి కొనుక్కున్నాది. అలగైతే సావు నన్ను ఎతుక్కోదని!"

ఆయన ముద్ర కింద పెట్టేశాడు.

"అంటే నిన్ను దత్తత ఇచ్చేశారన్నమాట. దత్తత పోయినవాడికి కన్నతండ్రి ఇంట్లో వాటా ఎక్కడిది? లేని వాటా ఎలా రాసిస్తావు?"

"దత్తతేటి బాబూ! ఆ పూటే నన్ను మల్లీ మాయమ్మ ఒళ్లో ఎట్టేసినారు. మా కాడ ఇది మామూలే. ఏ ఊరెల్లినా తవిటినాయుళ్లుంతారు!"

"అమ్మారా లేదా? కొన్నారా లేదా? నువ్వే చెప్పావు కదా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీయమ్మ నీకెప్పుడూ దిష్టి తియ్యనేదా?" అని గట్టిగానే అడిగేశాను. బంట్రోతు వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. ఆఫీసరు కోప్పడను కూడా లేదు, చల్లగా చెప్పాడు. దానికి ఇంకా మండింది. "మీ అక్క మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లి, ఇతను నా బిడ్డ కాడు, నేను పెంచుకోలేదు, ఇతని మీద నాకు ఏ హక్కూ లేదు అని వేలిముద్ర వేసి పంపిస్తే, అప్పుడు రా" అన్నాడు.

ఇంటికి వచ్చాక నీ మరదలు కూడా నన్నే తిట్టింది. "అడిగినదానికి అవునూ కాదూ అనక, పుట్టుక కతంతా ఆడికెందుకు సెప్పినావు?" అంది. ఎందుకేమిటప్పా! నా పేరు అడిగితే నీ మాట ఎత్తకుండా ఎలా ఉంటాను? అమ్మకు జ్వరమొస్తే నన్ను చంకనేసుకుని తిరిగింది నువ్వు. అటువంటి నీ చేత ఆ మాట రాయించమంటాడా! రెండు రోజులు అన్నం సహించలేదు.

అయినా వేలిముద్ర వెయ్యి, అప్పా. ఆ సూరయ్య ముందు నువ్వు మూట సర్దుకోకూడదు. పంతం పట్టకు. కరణంగారిని తోడు తీసుకెళ్లు, వాళ్లు ఎలా రాస్తే అలాగే వేలిముద్ర వేసి పంపు. ముద్ర పడిన కాగితం నేను వెంటనే రిజిస్టరు టపాలో పంపిస్తాను. నా గురించి ఆలోచించకు, నేనేమీ అనుకోను.

చిన్నత్తకు, వీధిలో పెద్దలందరికీ నా దండాలు. మా పిల్లలకు నీ దీవెనలు కావాలి. ఈ ఉత్తరం చదివిపెట్టిన మేష్టారికి నమస్కారాలు.

ఒక్క మాట, అప్పా. మేజిస్ట్రేటు ఆ రాసినదంతా నీ నోటితో చెప్పమంటే, చదువు రాదని చెప్పి కరణంగారి చేత చదివించు. వేలు మాత్రం పెట్టు. నేను నీవాడిని కానని నువ్వు మాత్రం అనకు.

నీ తమ్ముడు
తవిటినాయుడు