తూము ముందర తడి

28 మార్చి 2003, శుక్రవారం

పొద్దున్నుంచే వడగాలి. కట్ట మీద కంపచెట్లు కొట్టించాను. అంతకు మించి నీరుగంటికి పని లేదు. చెరువులో నీళ్ళుంటే తూము తెరిచి పొలాలకు వంతుల ప్రకారం వదలడం మా ఇంటి పని. ఈ ఏడు జనవరిలోనే నీళ్ళు అయిపోయాయి. తూము ముందర గుంటలో మాత్రం పైన పగుళ్ళు, కింద కాస్త తడి.

సాయంత్రం మోటర్ రూమ్ నుంచి చేపల పులుసు వాసన వచ్చింది. బోరు ఎండిపోయాక ఆ గది జేవియర్‌కి ఇచ్చాను. కేజీఎఫ్ మనిషి. అక్కడి బంగారు గని మూసేశాక ఊళ్ళు తిరిగి బావులు లోతు చేస్తున్నాడు. ఇప్పుడు ఆంజనప్ప బావిలో పని.

ఈ ఎండల్లో ఈయప్పకి మీను యాడ దొరికె అని నా భార్య చెన్నమ్మ నన్ను అడిగింది. బేతమంగళ చెరువులోనే నీళ్ళు అడుగంటినాయి గదా అంది. నాకేం తెలుసు.

31 మార్చి

కుక్కలు గోడవార గుంటలు తవ్వుకొని అందులో పొట్ట ఆనించి పడుకుంటున్నాయి. ఆవు పగలు మేత ముట్టదు, చల్లబడ్డాక మేస్తుంది. కొంగలు ఎప్పుడో వెళ్ళిపోయాయి. ఎండకు ఎవరి ఏర్పాటు వాళ్ళు చేసుకున్నారు. జేవియర్ ఏర్పాటు ఏమిటో తెలియడం లేదు.

4 ఏప్రిల్, శుక్రవారం

మళ్ళీ అదే వాసన. చెన్నమ్మ వెళ్ళి అడిగేసింది. ఇది లెంట్ అమ్మా, మా ఉపవాసాల కాలం, ఈస్టర్ దాకా శుక్రవారం మాంసం తినము, మీను తినొచ్చు అన్నాడట. అది సరేనప్పా, మీను యాడిది అంటే నవ్వి ఊరుకున్నాడట.

ట్యాంకర్ దగ్గర పట్టుకున్న రెండు బిందెల్లో ఒకటి ఎక్కడికో మోసుకుపోతున్నాడని కూడా చెప్పింది. తాగే నీళ్ళు.

7 ఏప్రిల్

టీ అంగడి దగ్గర ఆంజనప్ప. పక్క ఊరి చెరువులో ఇసుక లారీలు దిగిన సంగతి చెప్పాడు. ముందర ఒక మనిషి వచ్చి గడారితో నేల పొడిచి ఇసుక ఉండాదా అని చూసిపోతాడంట, ఆనెక లారీలు వస్తాయంట. పిల్లప్పన్నా, ఆ మనిషిని నువ్వు ఇంట్లోనే పెట్టుకోనుండావు, ఇంగ లారీలకి కట్ట మీద నీళ్ళు చల్లి దావ చెయ్యి అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీ సగం వదిలేసి వచ్చాను.

11 ఏప్రిల్, శుక్రవారం

తెల్లవారుతుండగా జేవియర్ వెనకాలే వెళ్ళాను. కట్ట మీద కంప చాటున కూర్చున్నాను.

జేవియర్ తూము గుంటలో గడారి దించాడు. పొడవలేదు, మెల్లగా ఒత్తాడు. మోకాళ్ళ మీద కూర్చుని చెవి నేలకు ఆనించాడు. తర్వాత చేత్తో తవ్వి ఏదో తీసి గోనెసంచిలో వేశాడు. గుంట పూడ్చి బిందెడు నీళ్ళు పోశాడు. వీపు నావైపు ఉంది. తీసిందేమిటో కనబడలేదు.

చెరువు అడుగు ఇసుక కోసం తవ్వేస్తే నీళ్ళు నిలవవు. నీళ్ళు నిలవని చెరువుకు నీరుగంటి అక్కర్లేదు. మా తాత, మా నాన్న, నేను. నాతో అయిపోతుంది.

దిగి వెళ్ళి అడగవలసింది.

12 ఏప్రిల్

అడగలేదు.

18 ఏప్రిల్, శుక్రవారం

తెల్లవారుతుండగా జేవియర్ గుంటలో దిగగానే తప్పెట కొట్టాను. నీరుగంటి తప్పెట కొడితే ఇంటికొక మనిషి పార తీసుకొని చెరువుకు రావాలి. కట్టకు గండి పడ్డప్పుడు మా నాన్న కొట్టాడు. నేను కొట్టడం ఇదే మొదలు.

అందరూ పరిగెత్తి వచ్చారు. జేవియర్ గుంటలో లేచి నిలబడ్డాడు. చేతులకు మోచేతుల దాకా బురద. ఏమి నాయనా, బంగారు దొరికెనా, మాకూ చూపీ అన్నాడు ఆంజనప్ప. జేవియర్ సంచి విప్పాడు. లోపల కొరమీను. బురద పట్టి కర్రముక్కలాగా ఉంది. నోరు తెరిచి మూసింది.

ఆంజనప్ప పక్కనే పార దించాడు. ఇంకొకటి బయటపడింది. ఇంక ఎవరూ ఆగలేదు. వచ్చిందే పారలతో. నేను పిలిచిందే పారలతో రమ్మని.

పెద్దవి తీసుకోండప్పా, చిన్నవాటిని మూసేయండి అన్నాడు జేవియర్. తడి ఉండేదాకా అవి నోటితో గాలి పీల్చుకొని అట్లే పడుకోనుంటాయి, వాన పడితే వాటంతట అవే లేస్తాయి అన్నాడు. వాన వచ్చేదాకా మేము బతకొద్దా సామీ అన్నాడు ఆంజనప్ప. మళ్ళీ నవ్వులు. జేవియర్ ముందు నుంచి చిన్నవాటి మీద బురద కప్పుకుంటూ పోతుంటే, వెనక నుంచి తీసుకుంటూ వచ్చారు.

మధ్యాహ్నానికి గుంటంతా తిరగబడింది. ఎండ ఆ బురదను సాయంత్రానికల్లా పెంకుల్లాగా చేసింది. లారీ లేదు, ఇసుక లేదు. చెన్నమ్మ గంపలో తెచ్చింది. పులుసు బాగుంది. తిన్నాను.

జేవియర్‌కి ఇవాళ గుడ్ ఫ్రైడే. పొద్దు వాలేదాకా పస్తంట.

23 ఏప్రిల్

జేవియర్ నాతో మాట్లాడడం లేదు. ఆంజనప్ప బావికి మాత్రం రోజూ డ్యూటీకి వెళ్ళినట్టు వెళ్తున్నాడు.

మోటర్ రూమ్ మూలలో బక్కెట్టు పెట్టి దాని మీద తడి గోనె కప్పాడు. ట్యాంకర్ నీళ్ళు ఇప్పుడు దాని మీద చల్లుతున్నాడు. ఏదో దాచినాడని చెన్నమ్మ డౌట్. నాకూ అదే.

26 ఏప్రిల్

అతను బావికి వెళ్ళాక గోనె ఎత్తి చూశాను. బురద తప్ప ఏమీ లేదు. మూసేయబోతుంటే బురదలో చిన్న రంధ్రం, దాని పక్కన ఇంకొకటి. వేలితో తడిమాను. లోపల కదిలింది.

గోనె మళ్ళీ ఎలా ఉందో అలాగే కప్పాను. సాయంత్రం దాన్ని చూసి జేవియర్ నావైపు చూశాడు. సరిగ్గా కప్పలేదేమో.

9 మే

ఆవు పాలు ఎగ్గొట్టింది. ఆకాశంలో ఏమీ లేదు. మొన్న బక్కెట్టులో ఏముందన్నా అని ఆంజనప్ప అడిగాడు. బావి పనికి జిగట మన్ను అన్నాను. నమ్మాడో లేదో. అప్పటినుంచి అతను మోటర్ రూమ్ ముందర బీడీ కాలుస్తూ నిలబడడం రెండుసార్లు చూశాను.

ట్యాంకర్ రాలేదు. మా కడవలో నీళ్ళు చెంబుడు తీసుకెళ్ళి గోనె మీద పోశాను. చెన్నమ్మ చూసింది.

25 మే

వాన. మధ్యాహ్నం మొదలై చీకటి పడేదాకా. తూము మూశాను. గుంటలో మోకాటి లోతు నీళ్ళు. కప్పలు ఎక్కడ పడుకున్నాయో అన్నీ ఒకేసారి లేచాయి.

27 మే

జేవియర్ పొద్దున్నే బక్కెట్టు మోసుకొని కట్ట దిగడం చూశాను. వెనకాల వెళ్ళలేదు.

సాయంత్రం తూము దగ్గర కూర్చున్నాను. నీళ్ళ మీద ఒక నోరు తెరుచుకొని మూసుకుంది. కొంచెం అవతల ఇంకొకటి. కట్ట మీద పోతూ ఆంజనప్ప ఆగాడు. ఏమైనా ఉండాదా అన్నా అని అడిగాడు. కప్పలు అన్నాను.

28 మే

జేవియర్ ఏడు గంటల కేజీఎఫ్ బస్సులో వెళ్ళిపోయాడు. బక్కెట్టు మోటర్ రూమ్ ముందర బోర్లించి ఉంది.