బావ మీదికి ఉరికిన జనవరి

జనవరి 4, 1960. సోమవారం

బంతి గుండ్రంగ లేదు! కోడిగుడ్డు లెక్క ఉన్నది. బొగ్గుబాయిల కొత్త మెషిన్లు బిగించెతందుకు వచ్చిన అమెరికా దొర తెచ్చిండు, వాళ్ల దేశం ఫుట్‌బాల్ ఆటకు. మొదటి షిఫ్టు దిగి వస్తుంటె నా భుజాలు తట్టి చూసిండు, ఎద్దును చూసినట్టు. "ఫుల్‌బ్యాక్" అన్నడు. ఇంగ్లీషు వచ్చిన మా బాయి గుమాస్తా రహమాన్ సాబ్ తెలుగుల చెప్పిండు— "బంతి పట్టెటోని ముందు ఉరుకాలె. అడ్డమొచ్చెటోన్ని గుద్ది దారి చెయ్యాలె. గదే నీ పని."

బంతి నా చేతికి రాదా? దాదాపు రాదంట.

జనవరి 5

మోకాళ్లు వంచుడు. మూడు వేళ్లు మట్టికి ఆనిచ్చుడు. తల దించొద్దు. గంతే, పొద్దుందాక గంతే.

జనవరి 9

దూది బస్తాను గుద్దుడు. గుద్దినంక ఆగుతున్న. దొర తల ఊపుతుండు. "కాళ్లు ఆగొద్దంటుండు" — రహమాన్ సాబ్. బాయిల బొగ్గు టబ్బు నూకినట్టే అనుకున్న. టబ్బు కదిలినంక ఆగితె మల్ల కదలది గద! సాయంత్రానికి బస్తా పదడుగులు పోయింది. అక్క నవ్వింది— "తమ్మీ, బస్తా నీకేం జేసిందిరా?"

జనవరి 13

ఇగ ఆలోచన లేకుంటనే కాళ్లు నడుస్తున్నయి. దొర మమ్ముల రెండు జట్లు చేసిండు. అక్క పెనిమిటి లచ్చన్న బావ అవతలి జట్టుల చేరిండు. అక్క వద్దన్నా ఇనలే.

జనవరి 17. ఆదివారం

రాయబుద్ధి అయితలేదు. అయినా రాస్త.

దొర బంతి పట్టి నా ఎనుక వస్తుండు. ముందట బావ. నవ్వుకుంట నిలవడ్డడు... "రా బామ్మర్దీ!" వంగి పోయిన. భుజం తగిలింది. ఎండుకట్టె విరిగిన సప్పుడు.

నాకు ఇనబడ్డది. ఇనబడ్డంక గూడ నా కాళ్లు ఆగలే. బావను దాటి ఇంకో నాలుగడుగులు ఉరికిన. అందరు చప్పట్లు కొట్టిండ్రు. గా చప్పట్లకు, ఒక్క క్షణం, ఖుషీ అనిపించింది. గిది ఎవ్వలకు చెప్పను.

మర్లి చూస్తె బావ లేస్తలేడు.

జనవరి 18

మెడ కింది బొక్క విరిగింది. నెలన్నర బాయి దిగొద్దన్నడు డాక్టరు. అక్క నాతోని మాట్లాడలే. అన్నం మాత్రం పెట్టింది. అవ్వ కొండగట్టు అంజన్నకు మొక్కింది— బావ కోసమా, నా కోసమా, అడగలే.

దొర వచ్చి బావ పక్కన చానసేపు కూసున్నడు. పోయెటప్పుడు నా ఈపు తట్టిండు. మంచిగ గుద్దినవన్నడంట. మంచిగనా?!

జనవరి 20

బస్తాను గుద్దలేకపోయిన.

జనవరి 24. ఆదివారం

పెద్ద ఆట. మేనేజరు సాబ్ కుర్చీ ఏపిచ్చుకొని కూసున్నడు. మొదలు రెండు మూడు సార్లు మంచిగనే చేసిన. తర్వాత అవతలి జట్టు పోశం ఎదురొచ్చిండు. ఒక్క అడుగుల ఉన్నడు. గా సప్పుడు మల్ల ఇనబడ్డది, ఇంకా తాకకముందే!

పక్కకు జరిగిన.

పోశం పోయి దొరను గుద్దిండు. దొర ఎల్లెలకల పడ్డడు. మూతి నిండ రక్తం. లేచి నా దిక్కు చూసిండు. తిడుతడనుకున్న. తిట్టలే. రహమాన్ సాబ్ మెల్లగ అన్నడు— "ఎందుకు తప్పుకున్నవని అడుగుతుండు."

ఆగితె ఒకడు పడ్డడు, ఆగకుంటె ఒకడు పడ్డడు.

జనవరి 25

బాయిల అందరు నన్ను చూసి, నా లెక్కనే పక్కకు జరిగి దారి ఇస్తుండ్రు. నవ్వుకుంట.

జనవరి 31. ఆదివారం

పొద్దుగాల ఒక్కన్నే మైదానంల ఉన్న. బావ వచ్చిండు. అక్క పాతచీర చింపి కట్టిన కట్టు, అండ్ల ఎడమచేయి. వచ్చి నా ఎదురుంగ నిలవడ్డడు.

"ఇటు దిక్కు భుజం మంచిగనే ఉన్నది. కొట్టు."

"పాగలైనవా బావా?"

"నా బొక్క ఇరిగినందుకు నువ్వు పనికిరాకుంట అయినవని అంటుండ్రు. గా మాట నేను పడలేను. వంగు!"

వంగిన. వేళ్లు మట్టికి ఆనిచ్చిన. తల ఎత్తిన. బావ కండ్లు మూసుకోలే. ఎంతసేపు గట్ల ఉన్ననో... కాళ్లు కదలలే.

"రేపు మల్ల వస్త" అన్నడు. పోయిండు.

ఇంటికొస్తె అక్క గడప మీద కూసొని ఉన్నది. రెండు వారాలకు మొదటిసారి నోరిప్పింది.

"రేపు కొడుతవా?"

కొట్టుమంటుందో, వద్దంటుందో, మొఖం చూస్తె సమజ్ గాలే.