పడవవాడి పాఠమూ, అచ్చుల పెట్టె తాళమూ

కృష్ణా జిల్లా పెడన కాపురస్తురాలు, కీర్తిశేషులు ఊటుకూరి పోతయ్య గారి భార్య సుబ్బాయమ్మ అనే నేను, ఒంట్లో జ్వరం లేని రోజు చూసుకుని, తెలివి తేటగా ఉండగా, నా చెవిలో ఎవరూ ఏమీ ఊదకుండా, నా అంతట నేను చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. దీనికి ముందు నేను రాయించినదంటూ ఎవరైనా ఏ కాగితమైనా చూపిస్తే అది దొంగది.

నాకు చదువు రాదు. కాబట్టి దస్తావేజు లేఖరి ధనరాజు తాను రాసింది నాకు చదివి వినిపించాలి. తరవాత అదే కాగితం మా పక్కింటి జోహ్రా చదవాలి. రెండూ ఒకటైతేనే వేలిముద్ర వేస్తాను. ఈ మాట రాయడానికి ధనరాజు నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నా రాయమన్నాను.

ఇంట్లో అందరి కళ్లూ, బట్టల మీద పువ్వులు అద్దే చెక్క అచ్చుల పెట్టె మీదే ఉన్న సంగతి నాకు తెలుసు. అది ఎవరిదో తేల్చడానికే ఇదంతా. మిగతావి ముందు చెప్పేస్తాను.

1. మేముండే పెంకుటిల్లు, వెనక అద్దకం పాక, కాలవ గట్టున బట్టలు ఆరేసుకునే స్థలం నా కుమారుడు వెంకటరత్నానికి సర్వహక్కులతో చెందాలి. అమ్ముకోవలసి వస్తే అమ్ముకోవచ్చు. తన బావ శంకరరావుకు మాత్రం అమ్మకూడదు. వెంకటరత్నం మంచివాడు. మంచివాణ్ణి బుట్టలో వేసుకోవడం తేలిక కనకే ఇంత స్పష్టంగా రాయిస్తున్నాను.

2. నా చేతి గాజులు నా కూతురు వెంకాయమ్మకు. దాని మొగుడు శంకరరావుకు గుడివాడలో బట్టల కొట్టుంది. ఇక్కడికి వచ్చినప్పుడల్లా నా కూతురి బాగోగులు చెప్పకముందే పాకలోకి వెళ్లి అచ్చులు తిరగేసి చూస్తాడు. ఊరికే చూస్తున్నానంటాడు. ఊరికే చూసేవాడు తిరగెయ్యడు. అల్లుడికి రావలసింది ఆరో అంశంలో ఉంది, అందాకా ఓపిక పట్టమనండి.

3. ఎర్ర అంచు పట్టుచీర నా కోడలు కోటేశ్వరమ్మకు. జ్వరంలో ఈమె ఇచ్చిన పాలలో ఏదో కలిసిందని తాగకుండా పారబోయించాను. మిరియాలట. ఈ చీర నేను కట్టుకున్న ప్రతి పెళ్లిలోనూ ఆమె ఒకసారి అంచు వైపు చూసి కళ్లు తిప్పుకునేది. నన్నెప్పుడూ నోరు తెరిచి అడగలేదు. అడగనిది కూడా నేను చూశాను.

4. ఇక పెట్టె. మా పనిలో బట్ట మీద పువ్వు పడాలంటే రెండు అచ్చులు కావాలి. గీతల అచ్చు ఒకటి, గీతల మధ్య రంగు నింపే అచ్చు ఒకటి. జంట విడిపోతే ఏదీ ఎందుకూ పనికిరాదు. నా పెనిమిటి పోయాక పాకలోకి కొత్త పనివాళ్లు వచ్చారు. అప్పుడు నేనొక ఏర్పాటు చేశాను. గీతల అచ్చులు పాకలోనే ఉంటాయి. నింపే అచ్చులు మాత్రం సాయంత్రం కాగానే కడిగి, నూనె రాసి, వసారాలో పెట్టెలో పెట్టి తాళం వేస్తాను. తాళంచెవి నా బొడ్లో ఉంటుంది. దొంగ వచ్చినా వాడికి సగం పువ్వే దొరుకుతుంది. ఈ తెలివి పెడనలో ఇంకెవరికీ రాలేదు.

పోయిన రోహిణి కార్తెలో నాకు టైఫాయిడ్ వచ్చింది. మంచాన పడ్డ రోజు అచ్చులు కడిగాను గానీ నూనె రాసే ఓపిక లేక తడివి తడిగానే పెట్టి తాళం వేశాను. వెంకటరత్నం తాళంచెవి అడిగాడు, ఇవ్వలేదు. బందరు షావుకారు దుప్పట్ల పని ఆగిపోయిందని మళ్లీ అడిగాడు. తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాను. నేను లేచి పెట్టె తెరిచేసరికి వసారా రేకుల వేడికి అచ్చులు సగానికి సగం నెర్రెలిచ్చి ఉన్నాయి. మా అత్తగారి నాటి జంట చిలకల అచ్చు రెండు ముక్కలైంది. తప్పు ఎండది. రేకులు వేయించింది వెంకటరత్నం. ఇంట్లో ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు అనుమానంగా ఉంది.

5. నా మనవరాలు సీతామహాలక్ష్మి, వెంకటరత్నం కూతురు, తొమ్మిదో తరగతి. బడి నుంచి వచ్చాక పాఠాలు పైకి చదువుతుంది, నేను వింటాను. ఈ ఏడు బడులు తెరిచిన కొత్తలో ఒక పాఠం చదివింది. కృష్ణ మీద పడవ నడిపే ముసలాడొకడు, పడవ ఎవరైనా ఎత్తుకుపోతారని రేవులో గుంజకు గొలుసుతో కట్టి తాళం వేసేవాడట. దాని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదట. వరద వచ్చిన రోజు వాడు పడవలోనే ఉన్నాడు. కంగారులో తాళంచెవి నీళ్లలో పడింది. నీళ్లు లేస్తున్నాయి, గొలుసు వదలడం లేదు. అంతవరకు విన్నాక ఇది నన్ను ఉద్దేశించి రాసిన పాఠమని నాకు తెలిసిపోయింది. ఎవరు రాయించారా అని కోటేశ్వరమ్మ వైపు చూశాను. బియ్యం ఏరుతోంది. మరీ శ్రద్ధగా ఏరుతోంది.

చివరికి ఊరివాళ్లు గొడ్డళ్లు పట్టుకుని ఈదుకుంటూ వచ్చి, గొలుసు నరికి, ముసలాణ్ణి పడవతో సహా ఒడ్డుకు చేర్చారని చదివి పుస్తకం మూసింది. నాకు అక్షరాలు తెలియవు గానీ చేతులు తెలుసు. ఇన్నేళ్లూ పాకలో కూర్చుని పనివాళ్ల చేతులే చూశాను. సీత చదువుతుంటే దాని వేలు వరస వెంబడి జరుగుతుంది. నీళ్లు లేచేదాకా జరిగింది. తరవాత వేలు ఆగిపోయింది, చదువు మాత్రం సాగింది.

మర్నాడు జోహ్రాను పిలిచాను. మాకు అచ్చులు చెక్కే యాకూబ్ కూతురు, సీతతో పాటే చదువుతుంది. అదే పాఠం వేలు పెట్టి చదవమన్నాను. పుస్తకంలో ఎవరూ రాలేదు. ఏనాడూ ఎవర్నీ దగ్గరికి రానివ్వనివాడి కేక ఎవరూ పట్టించుకోలేదు. వరద తీశాక గుంజకు గొలుసు ఉంది, మనిషి లేడు. అంతే పాఠం.

అంటే సీత అబద్ధం చదివింది. నా అనుమానం నిజమైనందుకు ముందు సంతోషించాను. నన్ను మంచి చేసుకుని తాళంచెవి కాజేసే ఎత్తనుకున్నాను. జోహ్రాను గుచ్చి గుచ్చి అడిగితే క్లాసులో సీత నా గురించి ఏదో అన్నదని చెప్పి నాలిక కరుచుకుంది. మిగతాది కక్కించి, సరిచూసుకోవడానికి తెలుగు మాస్టారు అప్పారావు గారి దగ్గరికి నేనే వెళ్లాను. పిల్లకు ఇవన్నీ నూరిపోస్తున్నది ఆయనేనని నా అనుమానం. కుర్చీ వేశారు. మర్యాద ఎక్కువైన చోట నాకు నమ్మకం తగ్గుతుంది, నిలబడే విన్నాను.

ఈ పాఠంలో మీ ఇంట్లోవాళ్లు, ఊళ్లోవాళ్లు ఎవరైనా గుర్తొచ్చారా అని ఆయన అడిగితే సీత లేచి నిలబడిందట. అది అన్న మాట జోహ్రా, మాస్టారు ఇద్దరూ ఒకేలాగ చెప్పారు కనక ఇక్కడ రాయిస్తున్నాను. “మా నాయనమ్మ గుర్తొచ్చిందండీ. కానీ ఈ పాఠం తప్పండీ. మా నాయనమ్మ కేకేస్తే నేను గొడ్డలి తీసుకుని వెళ్తానండీ.”

పిల్లలంతా నవ్వారట. తాను నవ్వలేదని మాస్టారు అన్నారు. అది మాత్రం నేను నమ్మను.

వచ్చే దారిలో కాలవ గట్టున కూర్చుని ఏడ్చాను. నా పెనిమిటి పోయాక అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు. సీతకు ఇదేమీ చెప్పలేదు. నాకు గొడ్డళ్లు వచ్చిన పాఠమే తెలుసని అది ఇప్పటికీ అనుకుంటోంది. నేనున్నన్నాళ్లు చెప్పనని జోహ్రా ఒట్టేసింది. చూద్దాం.

6. కాబట్టి అచ్చుల పెట్టె, అందులో బాగున్న అచ్చులు, పగిలిన అచ్చులు సమస్తం సీతామహాలక్ష్మికి చెందాలి. వెంకటరత్నం వాటితో పని చేసుకోవచ్చు, రోజూ నూనె రాయాలి. పిల్లకు తొమ్మిదితో చదువు చాలని అతను మొన్న పెళ్లాంతో అంటుంటే గోడ ఇవతల నాకు వినపడింది. సీత చదువు మాన్పించిన రోజున అచ్చులు ముట్టుకునే హక్కు అతనికి పోతుంది. ఇది జరుగుతోందో లేదో అప్పారావు మాస్టారు చూడాలి. ఆయన మీద అనుమానం ఉన్నా, ఇంతకన్నా తక్కువ అనుమానం ఉన్నవాళ్లు నాకు దొరకలేదు.

యాకూబ్ సాక్షి కనక అతనికి చిల్లిగవ్వ రాయలేదు. నా చిలకల అచ్చుకు నకలు చెక్కి చల్లపల్లి వాళ్లకు అమ్మాడని ఎన్నాళ్లుగానో నా అనుమానం. అది పగిలిందని తెలిసి, నేను అడగకుండానే, కొత్తది చెక్కి తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్లాడు. ముక్కు వంపు దగ్గర్నుంచి అంతా అదే. ఎదురుగా లేకుండా అలా ఎలా చెక్కాడు? నా అనుమానం నిజమేనన్నమాట. కూలి ఇస్తే పుచ్చుకోలేదు. ఆ చిలకలతో నేను అద్దిన దుప్పటి అతని కూతురు జోహ్రాకు ఇవ్వాలి. సాక్షి కూతురికి ఇవ్వచ్చని ధనరాజు చెప్పాడు. బందరులో ఇంకో లేఖరిని కూడా అడిగి కనుక్కున్నాను.

పెట్టె తాళం మా అల్లుడు శంకరరావుకు. తిరగేసి చూసుకోమనండి.

7. తాళంచెవి ఎవరికీ రాయడం లేదు. అది నా బొడ్లోనే ఉంటుంది. ఇన్నేళ్ల బుద్ధి ఇప్పుడు మారదు, మార్చుకోవాలని కూడా నాకు లేదు. నేను పోయాక దానికోసం ఎవరూ నన్ను వెతకొద్దు, నాతోనే రానివ్వండి. రంగు కాగు కింద కట్టెలు కొట్టే గొడ్డలి పాక మూల ఉంది. దాన్ని నా మనవరాలు సీతామహాలక్ష్మికి ఇస్తున్నాను. నా పెద్దకర్మ రోజున, అందరూ చూస్తుండగా, పెట్టె తాళం అది తన చేత్తో పగలగొట్టాలి. ఆ ముక్కలే అల్లుడికి.

అప్పటికి నేను కేకెయ్యలేను. అయినా అది గొడ్డలి తీసుకుని వస్తుంది. ఈ ఒక్కటి మాత్రం నేను ఎవర్నీ అడిగి సరిచూసుకోలేదు.

ప్లవ నామ సంవత్సరం కార్తీక మాసం, 1961 నవంబరు 15వ తేదీ, బుధవారం, పెడన. ధనరాజు ఒకసారి, జోహ్రా ఒకసారి చదివి వినిపించగా, రెండూ ఒకటే అయినందునా, జోహ్రా వేలు ఎక్కడా ఆగనందునా, ఒప్పుకుని వేసిన ఎడమ చేతి బొటనవేలి ముద్ర:

ఊటుకూరి సుబ్బాయమ్మ

సాక్షులు:
షేక్ యాకూబ్, అచ్చులు చెక్కే పని, పెడన
అప్పారావు, తెలుగు ఉపాధ్యాయుడు, పెడన

రాసినవాడు: ధనరాజు, దస్తావేజు లేఖరి