కెమెరా ముందు సంజన చేతులు

నిజామాబాద్,
ఆదివారం.

చెల్లాయి నాగకుమారికి, అన్నయ్య ఆశీస్సులతో.

పెళ్లయ్యాక నిన్ను డిగ్రీ దాకా చదివిస్తామని బోధన్ దగ్గర మనవాళ్లు వలసొచ్చి వేసుకున్న క్యాంపులో, నాన్న ఎదుట, మీ అత్తింటివారు నీకో మాట ఇచ్చారు. యాభై ఏళ్లు కావస్తోంది. నువ్వు మరిచిపోయానంటావు. నాకు మరిచిపోయే గుణం లేదు. ఫోన్లో ఈ సంగతి ఎత్తితే పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

మా ముందు వాటాలో సుమిత్రమ్మ, ఆమె కోడలు సంజన అద్దెకుంటున్నారు. ఇద్దరూ బీడీలు చుడతారు. ఇక్కడి ఒక కాలేజీ, ఫిన్లాండ్‌లో ఒక విశ్వవిద్యాలయం కలిసి పెట్టిన ఇంటర్నెట్ కోర్సులో సంజన చేరింది. చిన్నపిల్లలకు చదువు చెప్పడం నేర్పుతారు. పాసైతే టౌన్లో ఒక బడి ఆమెను తీసుకుంటానంది. లైబ్రరీ ఉద్యోగంలో ఇలాంటి ఒప్పందాలు నేను చాలా చూశాను. శాలువాలు కప్పుకుంటారు, ఫోటో దిగుతారు, అంతటితో సరి. ఇదీ అంతేననుకున్నాను. ఒకరోజు సంజన పక్కన కూర్చుని పాఠం విన్నాను. ఫిన్లాండ్ నుంచి టీచరమ్మ ఇంగ్లీషులో మాట్లాడుతుంటే కింద తెలుగు అక్షరాలు వస్తున్నాయి. మన జిల్లాలోని మెండోర నుంచి ఒక అమ్మాయి సందేహం అడిగితే, కెన్యా నుంచి ఇంకో అమ్మాయి అందుకుంది. టీచరమ్మ ఇద్దరినీ పేరు పెట్టి పిలిచి జవాబు చెప్పింది. జన్మంతా పుస్తకాల మధ్య బతికాను, అలాంటి గురువు నాకు దొరకలేదు. సంజన వింటూనే ఉంది, చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి.

చిక్కంతా పరీక్షతో వచ్చింది. కెమెరా ముందు కూర్చుని నోటితో జవాబులు చెప్పాలి. సంజన బీడీల చాట పక్కన పెట్టి మర్యాదగా కూర్చుంది. కానీ చేతులు ఊరుకోలేదు. చూపు ఒళ్లోకి దించి, కొంగు అంచును బీడీలాగా చుడుతూ జవాబులు చెప్పింది. ఒళ్లో ఏదో పెట్టుకుని చూసి చెప్పిందని కంప్యూటర్ అనుమానించింది. ఇక్కడ కోర్సు చూసే సతీష్‌బాబు విచారించకుండానే కాపీ అని రాసి ఫలితం ఆపించాడు.

"ఉన్న సంగతి చెప్పమ్మా" అన్నాను.

"ఎట్ల చెప్పాలె సార్? బీడీలు చేస్తదని తెలిస్తే, తంబాకు చేతులతోని పిల్లలకేం నేర్పిస్తదంటరు. ఇస్తమన్న నౌకరి గూడ పోతది" అంది సంజన.

రేపు తెర మీద విచారణ. నేనూ వెళ్తున్నాను.

మీ అన్నయ్య,
చెన్నకేశవరావు

నిజామాబాద్,
శుక్రవారం.

చెల్లాయీ,

నీ జవాబు అందింది. దానికి తర్వాత వస్తాను.

విచారణలో టీచరమ్మ ఎంత మెల్లగా అడిగినా సంజన నోరు విప్పలేదు. సుమిత్రమ్మ చాట చంకన పెట్టుకుని వచ్చి కెమెరా ముందు నిలబడింది.

"మా కోడలు దొంగ గాదు మేడం. సూడు, గిది చాట, గిది తునికాకు. చిన్నప్పటి సంది గిదే పని. చేతులు ఊకుంటే దానికి నోట్లకెళ్లి మాట రాదు."

టీచరమ్మకు అనువదించాల్సిన సతీష్‌బాబు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు.

"నేను గంత చెప్తే నువ్వు గింతనే చెప్పినవేంది సారూ? మిగిలింది ఇంటికి కొంచవోతవా?"

తెర మీద టీచరమ్మకు భాష రాకపోయినా విషయం అర్థమై నవ్వింది. సతీష్‌బాబును మొత్తం చెప్పమంది. విన్నాక, చాట ఒళ్లో పెట్టుకునే జవాబులు చెప్పమని సంజనను అడిగింది. కెమెరాను చేతుల మీదికి దించమంది. ఏడుస్తూ బడికొచ్చిన పిల్లవాడిని ఏం చేస్తావన్నది మొదటి ప్రశ్న.

సంజన ఆకు చుడుతూ చెప్పింది: "ఏడుపు ఆపమని అనను మేడం. చేతికి ఏదన్న పని ఇస్త. చేతులు పనిల వడితే కండ్లు అవే ఆరుతయ్."

సతీష్‌బాబు ఈసారి పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాడు. ఆ తర్వాత ఒక్క జవాబుకూ సంజన తడుముకోలేదు. టీచరమ్మ అక్కడే పాసని చెప్పి, తమ పరీక్ష పద్ధతే తప్పని ఒప్పుకుంది. చదువుకున్నవాళ్లు తప్పు ఒప్పుకోగా చూడటం నాకు కొత్త. సతీష్‌బాబు మాత్రం నీళ్లు తాగాడు.

కోడలి పరీక్షల రోజుల్లో ఆమె వంతు బీడీలు కూడా సుమిత్రమ్మే చుట్టింది. ఎందుకంత కష్టం అని అడిగాను.

"తోలుకొచ్చేనాడే వాళ్ల అవ్వకు మాటిచ్చిన గద సారూ, చదువు బంద్ కానియ్యనని. ఇచ్చినంక చెయ్యకుంటే ఎట్ల?"

ఇక నీ జవాబు. 'ఆ రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయి అన్నయ్యా, ఉంటే నేనూ చదివేదాన్నేమో' అని రాశావు. ఉన్నాయి చెల్లాయీ. ఇంటర్నెట్ లేదు గానీ పోస్ట్‌మాన్ ఉన్నాడు. పాఠాలు పోస్టులో పంపే డిగ్రీ ఉందని నవీపేట్‌లో మీ అత్తింటికి వచ్చి చెప్పింది నేనే. నువ్వు తలుపు పక్కన నిలబడి విన్నావు. "మరి గేదెల పాలెవరు తీస్తారు బావగారూ?" అని నవ్వాడు మీ ఇంటాయన. నువ్వు లోపలికి వెళ్లిపోయావు.

పోయినవాళ్లను అనకూడదంటావు. ఆయన ఫోటోకు దండ నేనూ వేశాను. అయినా నీ చదువు ఆగిన పాపాన్ని ఆ రోజుల మీదికి నెట్టనివ్వను. అది నీ భర్తది, రాజేంద్రప్రసాద్‌ది.

మీ అన్నయ్య,
చెన్నకేశవరావు