నీళ్ల మీద గీత

వదినా,

ఆ రాత్రి ఫోటో పంపమని ఎన్నిసార్లో అడిగించావు. నా దగ్గర సాకులు నిండుకున్నాయి. ఇదిగో, పంపిస్తున్నాను.

రాకెట్ లేచిన దగ్గర్నుంచి కనుమరుగయ్యేదాకా కెమెరా షట్టర్ తెరిచే ఉంచుతాను. అంతసేపూ కదిలిన వెలుగు ఒకే ఫోటోలో గీతగా పడుతుంది. ఆ రాత్రి పడవలు సముద్రంలోకి పోకూడదన్నారు. అన్నయ్య వింటేగా! "రేయ్, రాకెట్ కింద నా పడవ దీపం కూడా ఓ గీత గీయాలిరా" అని నవ్వుతూ వెళ్లాడు.

పైన పెద్ద గీత రాకెట్‌ది. కింద నీళ్ల మీద వంకరటింకర సన్నగీత అన్నయ్యది. అది మధ్యలోనే ఆగిపోయింది. అప్పుడు ఒడ్డున ఉన్నవాళ్లమంతా నోళ్లు తెరుచుకుని పైకే చూస్తున్నాం. తలలు దించేసరికి దీపం లేదు. నాకు షట్టర్ మూయబుద్ధి కాలేదు. ఎంతసేపు తెరిచి ఉంచినా ఆ గీత ముందుకు సాగలేదు.

బ్యాటరీ అయిపోయి దీపం ఆరి ఉంటుందని, నాన్న ఎక్కడో ఒడ్డు చేరే ఉంటాడని పాపకు చెబుతున్నావట. దానికి అలాగే చెప్పు.

నీకు మాత్రం నేనలా చెప్పలేను వదినా. గీత చక్కగా పడాలని, ఆ సాయంత్రం పడవ దీపానికి కొత్త బ్యాటరీ వేసింది నేనే.

నీ మరిది