గోడా, జర జరుగు

కాజీపేట,
బుధవారం.

ప్రియమైన డాడీకి,

నీ బిడ్డ స్వప్న ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ నేను, సారమ్మత్తమ్మ, అత్తమ్మ పెంచుకుంటున్న రెండు గిన్నెకోళ్లు క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మా, అమ్మ మోకాళ్లూ క్షేమమని నమ్ముతాను.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. ఫోన్ చేస్తే నువ్వు మూడో మాటకే నవ్విస్తావు. నేను నవ్వుతాను. చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. అదీకాక నీ ఫోన్ ఎత్తేది నువ్వు కాదు, మీ మేనేజర్ శ్యాంసుందర్. "సారు షాట్‌ల ఉన్నడమ్మా" అంటాడు, నువ్వు పక్కనే దగ్గుతున్నా సరే. అందుకే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నేను కొట్టిన ప్రతి మాటనూ అది తిరిగి చదివి వినిపిస్తున్నది. కూర్చున్నానన్నది పేరుకే. పొద్దుటి నుంచి నాలుగు ముక్కలు రాస్తున్నాను, లేచి వాకిట్లోకి పోతున్నాను, మళ్లీ వచ్చి రాసిందంతా కొట్టేస్తున్నాను. "గా కాలుగాలిన పిల్లి లెక్క ఏం తిరుగుతానవే" అని అత్తమ్మ రెండుసార్లు కసిరింది.

నువ్వు టైపు చేయించి పంపిన ఉత్తరాన్ని ఫోన్‌తో చదివించుకున్నాను. ఆ గొంతుకు నవ్వించడం చేతకాదు. నీ మాటలను నీ గొంతు లేకుండా వినడం నాకిదే మొదటిసారి. జోకులన్నీ రాలిపోయి, నువ్వు అడిగినవి మాత్రం మిగిలాయి. ఒక్కొక్కదానికి జవాబు రాస్తాను.

తింటున్నావా అని అడిగావు. తినక అత్తమ్మ ఊరుకుంటుందా? నిన్న సర్వపిండి చేసింది. నాలుగు తిన్నాక కూడా "గిదేం తిండే, పిట్ట తిండి" అంది.

హైదరాబాద్‌లో మీ దోస్తుకు గేముల కంపెనీ ఉందనీ, నువ్వొక్క మాట చెబితే రేపే పిలుస్తాడనీ రాశావు. వద్దు డాడీ. కోపంతో అనడం లేదు. నాకు బెంగళూరు వాళ్ల పని ఉంది. వాళ్లు తయారు చేసే ఆటలను చూపులేనివాళ్లు ఆడగలరా లేదా అని ఆడి చెప్పడం నా ఉద్యోగం. శత్రువు ఎడమ నుంచి వస్తుంటే అడుగుల చప్పుడు కుడి చెవిలో వినిపించిందనుకో, పట్టుకుని తిట్టిపోస్తాను. తిట్టినందుకు జీతమిస్తున్నారు, ఇంతకన్నా ఏం కావాలి? నన్ను తీసుకున్నప్పుడు నేనెవరి బిడ్డనో వాళ్లకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. అది నాకు ఎంత ఇష్టమో నీకెట్లా చెప్పను!

అయితే ఆ చెవులు నాకు ఇచ్చింది నువ్వే. డోర్నకల్ రైల్వే క్వార్టర్‌లో, నువ్వింకా సినిమాల్లోకి పోని రోజుల్లో, డ్యూటీ దిగి వచ్చి ఒక మూల నుంచి ఇంజన్‌లా కూసేవాడివి, ఇంకో మూల నుంచి పాస్టరు గారిలా దగ్గేవాడివి. నేను ఉరికి వచ్చి పట్టుకోవాలి. నేనాడిన మొదటి ఆట అదే. ఇప్పటికీ కొత్త ఆట మొదలుపెట్టినప్పుడు ముందు నిన్నే వెతుకుతాను.

ఇక మా ఆట సంగతి. నేనూ నవీనూ కలిసి ఒక ఆట తయారు చేస్తున్నామని అమ్మ చెప్పిందన్నావు. నవీన్ ఎవరని కొంచెం గట్టిగానే అడిగావు. కేసముద్రం పిల్లవాడు, నాలాగే చూపు లేదు, డిగ్రీ చదివాడు, నన్ను అక్కా అంటాడు. ఇక నిశ్చింతగా ఉండు.

మా ఆట పుట్టింది తాత దగ్గర. తాత తొర్రూరు పశువుల అంగడిలో దళారీ పని చేసేవాడు కదా. ఎద్దు బేరం నోటితో చేసేవాడు కాదు. తువ్వాల పరిచి, దాని కింద కొనేవాడి చేయి పట్టుకుని, వేళ్లు నొక్కి ధర చెప్పేవాడు. పైన నోళ్లు ఎంత అరిచినా, అసలు బేరం కింద వేళ్ల మధ్య. పిడికిలి గట్టిగా మూస్తే బేరం కుదిరినట్టు, చేయి విదిలిస్తే చెడినట్టు. చుట్టూ నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియదు కాబట్టి తగ్గినవాడి పరువు పోదు. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పేవాడు: "తువ్వాల కింద కండ్లున్నోడు లేనోడు ఒక్కటే బిడ్డా." మా ఆటలో ఇద్దరు రెండు ఫోన్లు పట్టుకుంటారు. ఒకరు వేళ్లతో నొక్కితే రెండోవాళ్ల చేతిలో ఫోన్ అదురుతుంది. ఆ అదురును బట్టి ధర పట్టుకోవాలి. మొదలుపెట్టగానే తెర నల్లబడిపోతుంది. కళ్లున్నవాళ్లు ఫోన్ పాడైందని భయపడతారు. అత్తమ్మ రెండు రోజుల్లో నేర్చుకుని, మూడో రోజు నుంచి తొండి చేస్తున్నది.

ఆ ఆటలో గోపయ్య గొంతు పెట్టుకొమ్మన్నావు, లక్షల మంది ఆడతారన్నావు. ఇక్కడే డాడీ, ఇందాక మూడుసార్లు కొట్టేసింది ఇక్కడే.

నీ సినిమా 'గోడల గోపయ్య' వచ్చి ఆరేళ్లయింది. నల్లకళ్లజోడు పెట్టుకుని, మెడ పక్కకు వాల్చి, కనబడిన ప్రతి గోడకూ గుద్దుకుని, దానికే దండం పెట్టి "గోడా, జర జరుగు" అనే గుడ్డివాడి వేషం వేశావు. రాష్ట్రమంతా నవ్వింది. నేను తెల్లకర్ర పట్టుకుని కాజీపేట చౌరస్తాలో దిగితే చాలు, ఆటో అడ్డా నుంచి ఎవరో ఒకరు ఆ మాట అంటారు. నేను నీ బిడ్డనని తెలిసి కాదు. నా చేతిలో కర్ర ఉందని. చెడ్డవాళ్లు కూడా కాదు, అట్లా అన్న మనిషే చేయి పట్టుకుని రోడ్డు దాటిస్తాడు, ఆటో ఎక్కితే కిరాయి కూడా తీసుకోడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఇంటికి వచ్చి గిన్నెలు విసిరికొట్టేదాన్ని.

ఇప్పుడు రెండో భాగం తీస్తున్నారు. చూపులేనివాళ్ల సంఘాలు వద్దంటున్నాయి కాబట్టి, వచ్చే వారం శుక్రవారం టీజర్ ఫంక్షన్‌లో నేను స్టేజి ఎక్కి, నీ పక్కన నిలబడి, మా నాన్న సినిమాలో తప్పేమీ లేదని చెప్పాలని అడిగావు. "నా బిడ్డవి, నువ్వు చెప్తే ఎవలు మాట్లాడుతరు" అని రాశావు. ఆలోచించుకుంటానని అత్తమ్మతో అన్నాను, అంతే. మొన్న ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పే సమయానికి ఈమె లేచి నిలబడింది. "దేవునికి స్తోత్రం! మా తమ్ముడు సాల్మను రెండో సిన్మ తీత్తాండు. మా స్వప్న స్టేజెక్కి మాట్లాడ్తది. గా లొల్లంత ఖతమైతది!" అన్నది. గుడి గుడంతా చప్పట్లు. పాస్టరు గారు నా తల మీద చేయి పెట్టి ప్రార్థన కూడా చేసేశారు. బయటికి వచ్చాక, నేనింకా ఒప్పుకోలేదు కదా అత్తమ్మా అంటే, "విశ్వాసమంటే గదే బిడ్డా, దొరకకముందే స్తోత్రం జెప్పాలె" అన్నది. ఏమని పోట్లాడను? అప్పటి నుంచి ఇంటికి వచ్చినవాళ్లందరూ నాకు శుభం చెప్పి పోతున్నారు. నాకు ఒక్కచోట కాలు నిలవడం లేదు.

నేను రాను డాడీ. స్టేజి ఎక్కను.

నవీన్ సంగతి చెబుతాను విను. మొన్నామధ్య ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోయి వచ్చాడు. ఎట్లా జరిగిందిరా అంటే నవ్వుతూ చెప్పాడు. "లోపల కుర్చీ తల్గి జర తూలిన అక్కా. పెద్దసారు 'గోడా, జర జరుగు' అన్నడు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన."

"నువ్వెందుకు నవ్వినవురా?"

"నవ్వకుంటే పొగరంటరు గదక్కా."

తర్వాత వాళ్లు చదువు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. గోపయ్య లెక్క ఒక్కసారి నడిచి చూపమన్నారట. నడిచి చూపించాడట.

ఇక నీ చివరి ప్రశ్న. "సెన్సార్‌కు ఫిర్యాదు పంపింది, పేపర్లల్ల పేరు వచ్చింది, ఆ తువ్వాల అనే పిల్ల ఎవరు? గేములు ఆడుకుంట ఇంటర్నెట్‌ల మాట్లాడుతదట. నీకు ఎరుకేనా? ఎరుకైతే జర నచ్చజెప్పు" అని రాశావు.

నేనే.

నేనే డాడీ. నాలుగేళ్లుగా ఆ పేరుతోనే ఆడుతున్నాను. చెవులతో ఆడి కళ్లున్నవాళ్లను ఓడిస్తుంటే వేలమంది వింటారు. గోపయ్య బిడ్డ అనిపించుకోకుండా నా పేరు నేను తెచ్చుకోవాలని ఆ పేరు పెట్టుకున్నాను. నవీన్ వచ్చి పోయిన మర్నాడే ఫిర్యాదు పంపాను. అమ్మకు మొదటి నుంచీ తెలుసు, నేనే ఒట్టు పెట్టించుకున్నాను, ఆమెను ఏమీ అనకు. నా కడుపులో మంట ఏమిటో తెలుసా? పేపర్లో తువ్వాల అన్న పేరు చదివి కూడా నీకు తాత గుర్తు రాలేదు. కన్నతండ్రి తువ్వాల నీకు గుర్తు రాలేదు. ఆ మాట రాస్తుంటే ఏడుపొస్తున్నది, రాయక తప్పడం లేదు.

ఈ ఆదివారం హనుమకొండలో మా ఆట విడుదల. తువ్వాల ఎవరో ఆ రోజు అందరికీ చెప్పాలి, ఎవరి బిడ్డనో కూడా చెప్పాలి. ఇంకా దాక్కుంటే నా ఫిర్యాదుకే విలువ ఉండదు. పేపర్లవాళ్ల కంటే ముందు నీకు నా నోటి నుంచి తెలియాలని ఈ ఉత్తరం. పాస్టరు గారు రేపు హైదరాబాద్ వస్తున్నారు, శ్యాంసుందర్‌కు కాకుండా నీ చేతికే ఇవ్వమని ఒట్టు వేయించుకున్నాను. తన తలకాయ మీద ఒట్టు వేయడం తప్పని బైబిల్ వాక్యం చెప్పి, తర్వాత వేశారు.

ఇంకొక్క సంగతి. పోయిన వారం ఒక కాలేజీలో మా ఆట చూపించాం. కిటికీలకు పరదాలు కట్టిన పెద్ద హాలు. మధ్యలో కరెంటు పోయింది. కళ్లున్నవాళ్ల తంటాలు చూడాలి! కుర్చీలు పడుతున్నాయి, ఒక సారు ఇంకో సారు కాలు తొక్కాడు, ఒక మేడమ్ స్తంభానికి సారీ చెప్పింది. మా నవీన్ నింపాదిగా లేచి, "గోడలారా, జర జరుగుండ్రి" అంటూ వాళ్ల మధ్య నుంచి పోయి తలుపు తెరిచాడు. హాలంతా ఒకటే నవ్వు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. అందరికంటే గట్టిగా నవీన్ గొంతే వినిపించింది. నువ్వు ఉండి ఉంటే ఆ సీన్‌ను ఎక్కడికో తీసుకుపోయేవాడివని అప్పుడే అనుకున్నాను. గోడను జరగమన్న ఆ మాట మీద నాకు కోపం లేదు డాడీ. ఆ మాట నాది.

అప్పుడు నాకు నాలుగేళ్లు. డోర్నకల్ ఇంటికి ఇనుప బీరువా కొత్తగా తెచ్చి నడవలో పెట్టించావు. నేను తెలియక పోయి నుదురు కొట్టుకున్నాను. గోడ అనుకుని రెండు చేతులతో తడిమి, "గోడా, జర జరుగు" అన్నాను. నువ్వు నవ్వావు, అమ్మ నవ్వింది, మీరు నవ్వారని నేనూ నవ్వాను. నవ్వు ఆగాక నువ్వు చొక్కా విప్పి, ఎవరినీ సాయం పిలవకుండా, ఒక్కడివే ఆ బీరువాను ఈడ్చి ఈడ్చి మూలకు చేర్చావు. అది నేలను గీరుకుంటూ పోయిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మూడు రోజులు నడుము పట్టుకుని డ్యూటీకి పోయావు.

నా మాట సినిమాలో పెట్టావు. బీరువా జరిపింది పెట్టలేదు.

షూటింగ్ సగమే అయిందంటున్నావు. మిగతా సగంలో ఏముండాలో బేరమాడుకుందాం, శనివారం రా. తాత తువ్వాల ఉతికి దండెం మీద ఆరేశాను. దాని కింద చేయి పెట్టి కూర్చో, జోకులు వద్దు, మాటలే వద్దు. ఎవరు ఎంత తగ్గారో మనిద్దరికే తెలుస్తుంది. నువ్వు చేయి విదిలించుకుని పోయినా ఆదివారం నేను స్టేజి ఎక్కుతాను. ఎవరి బిడ్డవని అడుగుతారు. గోపయ్య బిడ్డనని చెప్పను. బీరువా జరిపినాయన బిడ్డనని చెబుతాను.

ఇట్లు,
నీ దారి కోసం చెవులు పెట్టుకుని కూర్చున్న
నీ బిడ్డ,
స్వప్న